కండ దగ్గర కలిసిన లెక్క

పోటీ వేదిక మీద నిలబడే బాడీబిల్డర్ ఒంట్లో కొవ్వు నాలుగైదు శాతం ఉంటుంది. ఆరోగ్యంగా తిరిగే మామూలు కుర్రాడిలో అది పదిహేను శాతానికి అటూఇటూగా ఉంటుంది. మధ్యనున్న ఆ పది శాతంలోనే ఉంది అసలు పోటీ అంతా. తొడ మీద విడివిడిగా కనబడే పాయలు, భుజం మీద చారలు, పొట్ట మీద మెట్లు, జిమ్‌లో కుర్రాళ్లు 'కట్స్' అని పిలుచుకునేవన్నీ ఆ పది శాతం కొవ్వు పోతేనే బయటికొస్తాయి. కండ పెంచడం ఒక పని, పెంచిన కండ కనబడేలా దానిమీది పొర తీసేయడం ఇంకో పని. మొదటిదానికి కడుపునిండా తినాలి. రెండోదానికి కడుపు మాడ్చుకోవాలి. మాడ్చుకున్న ఒళ్లు కొవ్వుతోపాటు కండనీ తినేస్తుంది. ఈ చిక్కుముడి విప్పడానికి జిమ్‌లలో పుట్టిన ఉపాయం పేరు 'స్టాక్'. కొవ్వు కరిగించే మందొకటి, కండని కాపాడే స్టెరాయిడ్ ఒకటి, రెండూ కలిపి వాడటం.

ఆ ఉపాయాన్ని ఒట్టి మూర్ఖత్వమని కొట్టిపారేసే పుస్తకాలు చాలా ఉన్నాయి. నాకు అలా అనిపించదు. దాని వెనుక తర్కం ఉంది. శరీరధర్మశాస్త్రం చదివినవాళ్లు కూడా ఒక్కక్షణం ఆగి చూడాల్సినంత తర్కం. అది ఎక్కడిదాకా నిలబడుతుందో, ఎక్కడ కూలుతుందో చూడాలంటే ముందు మందులేవీ లేని శరీరం దగ్గర మొదలుపెట్టాలి.

మందులు ముట్టని ఒక బాడీబిల్డర్‌ని పోటీకి ముందు ఆరు నెలలు, తర్వాత ఆరు నెలలు అమెరికా పరిశోధకులు వెంటబడి కొలిచారు. ఆ వివరాలు 2013లో అచ్చయ్యాయి. అతని ఒంట్లో కొవ్వు 14.8 శాతం నుంచి 4.5 శాతానికి దిగింది. అనుకున్నది సాధించాడు. కానీ నిమిషానికి 53సార్లు కొట్టుకునే గుండె 27కి పడిపోయింది. రక్తంలో టెస్టోస్టెరాన్ మిల్లీలీటరుకు 9.22 నానోగ్రాముల నుంచి 2.27కి జారింది. వేదిక మీద మగతనానికి ప్రతిరూపంలా కనిపిస్తున్న మనిషి రక్తంలో ఆ రోజున, మగతనానికి మూలమైన హార్మోను నాలుగో వంతు మాత్రమే మిగిలింది.

ఇది అతనొక్కడి సంగతి కాదు. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులని వాళ్ల అంగీకారంతోనే అర్ధాకలితో ఉంచి చూశారు. యుద్ధంలో తిండిలేక ఎండిపోయిన జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేలా చెయ్యాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. వాళ్లు బరువులో దాదాపు పావు వంతు పోగొట్టుకున్నారు. నాడి నెమ్మదించింది, ఎండాకాలంలోనూ చలి వేసింది, ఆడవాళ్ల మీదికి మనసు పోవడం మానేసింది. తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది.

జీతం సగానికి పడిన సంసారం ఏం చేస్తుందో శరీరమూ అదే చేస్తుంది, ఖర్చులు తగ్గించుకుంటుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను తగ్గగానే మెదడుకి కరువు వచ్చిందని కబురు అందుతుంది. వెంటనే మూడు మార్పులు మొదలవుతాయి. థైరాయిడ్ హార్మోన్లలో చురుకైనదైన టీ3 తగ్గుతుంది. దాంతో కణకణంలోనూ ఇంధనం మండే వేగం మందగిస్తుంది. అడ్రినలిన్, నారడ్రినలిన్‌లతో నడిచే నాడీవ్యవస్థ జోరు తగ్గుతుంది. పిల్లల్ని కనే పని వాయిదా వేసుకుని వృషణాలు టెస్టోస్టెరాన్ ఉత్పత్తి దించేస్తాయి. కండ అనేది కూర్చున్నా ఖర్చు పెట్టించే కణజాలం కనుక దాన్ని కొంచెం కొంచెం విడగొట్టి, ఆ అమైనో ఆమ్లాలతో కాలేయం గ్లూకోజ్ చేసుకుంటుంది.

ఇప్పుడు పోటీకి ముందు వారాల్లో వాడే మందుల జాబితా చూడండి. శరీరం టీ3 తగ్గిస్తే బయటినుంచి టీ3 మాత్ర. అడ్రినలిన్ జోరు తగ్గిస్తే దాని పనే చేసే క్లెన్‌బుటెరాల్. టెస్టోస్టెరాన్ తగ్గిస్తే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్, దానికి తోడుగా దాని బంధువులు. కరువుని తట్టుకోవడానికి శరీరం వేసుకున్న ఒక్కొక్క తాళానికి సరిగ్గా సరిపోయే మారుతాళం. వీటిని కనిపెట్టినవాళ్లెవరూ లెప్టిన్ గురించి చదవలేదు. లెప్టిన్ జన్యువు బయటపడింది 1994లో, జిమ్‌లలో ఈ జాబితాకి ఆకారం అంతకుముందే వచ్చేసింది. తడుముకుంటూ, ఒకళ్లని చూసి ఒకళ్లు, ఎవరికి ఏది పనిచేసిందో చెవుల్లో చెప్పుకుంటూ కట్టుకున్న వైద్యం అది.

వైద్యశాస్త్రం కంటే ముందే తమకు తెలుసన్న గర్వం వాళ్లకి ఊరికే రాలేదు. స్టెరాయిడ్ల చరిత్రలో డాక్టర్లు చేసిన ఒక పెద్ద తప్పు ఉంది.

టెస్టోస్టెరాన్ కోసం వెతుకులాట 1889లో ఒక వింత ప్రయోగంతో మొదలైంది. 72 ఏళ్ల బ్రౌన్-సెకార్ద్ అనే పేరున్న శరీరధర్మశాస్త్రజ్ఞుడు కుక్కల, గినీ పందుల వృషణాల రసం తన ఒంట్లోకే ఎక్కించుకుని, వయసు తిరిగొచ్చిందని పారిస్‌లో సభలో ప్రకటించారు. ఆ నీళ్ల రసంలో హార్మోను ఉండే అవకాశం లేదని ఇప్పుడు తెలుసు. ఆయనకు పట్టిన బలం నమ్మకానిది. 1935లో బ్యూటెనాంట్, రుజిచ్కా వేరువేరుగా టెస్టోస్టెరాన్‌ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1939 రసాయనశాస్త్ర నోబెల్ వారిద్దరికీ దక్కింది. అదే 1935లో చార్లెస్ కోచాకియన్ వృషణాలు తీసేసిన కుక్కలకి మగ హార్మోన్లున్న సారం ఇచ్చి, వాటి మూత్రంలో బయటికి పోయే నైట్రోజన్ తగ్గుతోందని చూపించారు. నైట్రోజన్ లోపల ఆగిందంటే ప్రొటీన్ ఆగిందన్నమాట, అంటే కండ కట్టే పని జరుగుతోంది. ఇక 1954లో వియన్నాలో ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకి అమెరికా జట్టుతో వెళ్లిన జాన్ జీగ్లర్ అనే డాక్టరు, సోవియట్ ఆటగాళ్లు టెస్టోస్టెరాన్ వాడుతున్నారని తెలుసుకుని వచ్చారు. 1958లో సీబా కంపెనీ తెచ్చిన డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఆయన చేతిమీదుగా అమెరికా వెయిట్‌లిఫ్టర్లకి చేరాయి. అక్కడినుంచి జిమ్‌లకి.

ఇరవై ఏళ్లపాటు జిమ్‌లలో కళ్లెదుట కండలు పెరుగుతుంటే వైద్యసంఘాలు మాత్రం స్టెరాయిడ్లతో బలం రాదనే చెబుతూ వచ్చాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 1977లో అదే మాట అధికారికంగా రాసింది. వాడకం మానిపించాలన్న ఆరాటంలో, పనిచేస్తుందని తెలిసినదాన్ని పనిచేయదన్నారు. 1996లో షాలేందర్ భాసిన్ బృందం ఈ వివాదానికి తెరదించింది. 43 మంది మగవాళ్లని నాలుగు గుంపులుగా విడదీసి, కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్, కొందరికి మందులేని సూది, పది వారాలు ఇచ్చారు. అది మామూలు చికిత్స మోతాదుకి ఎన్నో రెట్లు. వ్యాయామం మాత్రమే చేసినవాళ్లకి కొవ్వు లేని బరువు 1.9 కిలోలు పెరిగింది. వ్యాయామం లేకుండా ఊరికే హార్మోను తీసుకున్నవాళ్లకి 3.2 కిలోలు, రెండూ ఉన్నవాళ్లకి 6.1 కిలోలు పెరిగాయి. చెమటోడ్చినవాడికంటే కుర్చీలో కూర్చుని సూది వేయించుకున్నవాడికి ఎక్కువ పెరిగిందంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ అంకెలవి.

ఈ అంకెలు రావడానికి నలభై ఏళ్లు ఆలస్యమైంది. ఈలోపు డాక్టర్ల మాట మీద నమ్మకం పోయింది. 'వాళ్లు అబద్ధమాడతారు' అన్న అభిప్రాయం ఒకసారి స్థిరపడ్డాక, డాక్టర్లు నిజం చెప్పిన సందర్భాల్లో కూడా చెవినపెట్టేవాళ్లు లేకుండా పోయారు. కొవ్వు కరిగించే మందుల విషయంలో జరిగింది అదే.

టెస్టోస్టెరాన్ కండగానో కొవ్వుగానో మారగల మూలకణాల్ని కండవైపు మళ్లిస్తుంది, కొవ్వు కణాలుగా మారకుండా అడ్డుకుంటుంది. అందుకని అదొక్కటే కొంత కొవ్వునీ తగ్గిస్తుంది. కానీ వేదిక అడిగే నాలుగు శాతానికి అది చాలదు. అక్కడ టీ3 వస్తుంది.

థైరాయిడ్ సారంతో లావు తగ్గించడం 1890లలోనే మొదలైంది. టీ3ని లండన్‌లో జాక్ గ్రాస్, రోజలిండ్ పిట్-రివర్స్ 1952లో గుర్తించారు. బరువు తగ్గేమాట నిజమే, కానీ తగ్గే బరువులో కండ వాటా పెద్దది. థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బున్నవాళ్లని చూసిన డాక్టరుకి ఇది కొత్తకాదు. మనిషి సన్నబడతాడు, ఆకలి బాగానే ఉంటుంది, కానీ గొంతుక్కూర్చుని లేవలేడు, మెట్లెక్కలేడు. తొడల్లో, భుజాల్లో కండ కరిగిపోయి ఉంటుంది. 1984-85లో మిన్నెసోటా, సౌత్ డకోటా, అయోవా రాష్ట్రాలు కలిసేచోట 121 మందికి కారణం తెలియకుండా ఇలాంటి లక్షణాలే కనిపించాయి. గుండెదడ, చెమటలు, బరువు తగ్గడం. వెతగ్గా వెతగ్గా తేలిందేమంటే, కబేళాలో ఎద్దు మెడ మాంసం కోసేటప్పుడు థైరాయిడ్ గ్రంథి కూడా కలిసి ఖైమాలోకి వెళ్లింది. వాళ్లు రోజూ తిన్న హాంబర్గర్లే వాళ్లకి థైరాయిడ్ మాత్రలు. అమెరికాలో కొన్ని థైరాయిడ్ హార్మోను మందుల సమాచార పత్రంలో, లావు తగ్గడానికి వాడకూడదని నల్ల చట్రం కట్టిన హెచ్చరిక ఉంటుంది.

జిమ్ తర్కం ఇక్కడే మెరుస్తుంది. టీ3 కండని తింటుందా? తినకుండా టెస్టోస్టెరాన్ కాపలా ఉంటుంది. ఒకటి ప్రొటీన్‌ని విడగొట్టే వేగం పెంచితే, ఇంకోటి కట్టే వేగం పెంచుతుంది. కండ దగ్గర జమా ఖర్చూ సరిపోతాయి, మిగిలిన మంటకి కొవ్వు బలవుతుంది. జీవరసాయనం ప్రకారం ఈ లెక్క తప్పు కాదు.

క్లెన్‌బుటెరాల్ వచ్చింది పశువుల కొట్టం నుంచి. ఆస్తమాలో మూసుకుపోయిన ఊపిరి గొట్టాలు తెరవడానికి కొన్ని దేశాల్లో మనుషులకి, చాలాచోట్ల గుర్రాలకి వాడే మందు ఇది. పశువులకి ఎక్కువ మోతాదులో పెడితే కొవ్వు తగ్గి మాంసం బిర్రుగా అవుతుందని తెలిశాక దాని దారి మారింది. చైనాలో పందులకి దొంగతనంగా పెట్టే 'పలచ మాంసం పొడి' ఇదే. 1990లో స్పెయిన్‌లో ఎద్దు కాలేయం తిన్న 135 మంది గుండెదడతో, చేతులు వణుకుతూ ఆస్పత్రులకి పరుగెత్తారు. ఆ కాలేయంలో క్లెన్‌బుటెరాల్ ఉంది. 2011లో మెక్సికోలో జరిగిన అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో పరీక్షించిన 208 మూత్రం నమూనాల్లో 109లో ఈ మందు జాడ దొరికింది. పిల్లలు చేసిన నేరమల్లా హోటల్లో మాంసం తినడం. అందుకే వారిమీద చర్య తీసుకోలేదు. అదే జాడ 2010 టూర్ ద ఫ్రాన్స్‌లో అల్బెర్తో కొంతదోర్ మూత్రంలో దొరికినప్పుడు, మాంసం వల్లేనన్న ఆయన వాదన చెల్లలేదు. గెలిచిన బిరుదు పోయింది.

క్లెన్‌బుటెరాల్ కొవ్వు కణం మీదున్న బీటా-2 గ్రాహకాన్ని తట్టి, లోపలి నిల్వలో నుంచి కొవ్వు ఆమ్లాలని రక్తంలోకి వదిలిస్తుంది. వదలడం వేరు, మండటం వేరు. ఆ ఆమ్లాలని కండ మండించుకోకపోతే అవి తిరిగి నిల్వకే చేరతాయి. ఈ భేదం జిమ్ గురువులు పెద్దగా చెప్పరు. పశువుల్లో కనిపించినంత కండ పెరుగుదల మనుషుల్లో కనిపించిన ఆధారమూ బలంగా లేదు. రెండు మూడు వారాల్లో గ్రాహకాలు మొద్దుబారతాయి, పాత ఫలితం కావాలంటే మోతాదు పెంచాల్సివస్తుంది. రక్తంలో సగం తగ్గడానికే సుమారు 35 గంటలు తీసుకునే మందు ఇది. నిన్న వేసుకున్నది పోకముందే ఇవాళ్టిది పడుతుంది. బీటా గ్రాహకాలు కొవ్వు కణాలకే పరిమితం కావు, గుండెలోనూ ఉన్నాయి. ఇది పొటాషియంని రక్తంలో నుంచి కణాల్లోకి తోస్తుంది కూడా. ఈ రెండు సంగతులూ కాస్త గుర్తుంచుకోండి.

ఈ జాబితాలో అన్నింటికంటే భయంకరమైనది, అన్నింటికంటే శాస్త్రం నేర్పేది మాత్రం మరొకటి ఉంది. 2,4-డైనైట్రోఫినాల్, జిమ్‌లలో డీఎన్‌పీ. పసుప్పచ్చని పొడి. బట్టలకేసే నల్ల రంగు తయారీలో, కలప చెడకుండా పూసే మందుల్లో, పేలుడు పదార్థాల్లో వాడిన రసాయనం. దీన్ని అర్థం చేసుకోవడానికి మనం ఒక తెలుగు మనిషి దగ్గరికి వెళ్లాలి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి మొదట చేసింది రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి. 1925 నాటి ఆ ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి వైద్య విద్యార్థులు ఇప్పటికీ ప్రాక్టికల్స్‌లో చేస్తారు. ఆ కొలతతోనే వాళ్లు 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని వెలికితీశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని కనుగొన్నారు. జిమ్‌లలో ఇవాళ డబ్బాలు డబ్బాలుగా అమ్ముడయ్యే క్రియాటిన్ వెనుక ఉన్న శాస్త్రం, అంటే కండ తన తక్షణ శక్తిని ఎక్కడ దాచుకుంటుందన్న ప్రశ్నకి మొదటి జవాబు, ఆయన చేతిలో నుంచి వచ్చింది. ఆ డబ్బా కొనేవాళ్లలో ఎందరికి ఆ పేరు తెలుసో మరి. క్రియాటిన్ మాత్రం ఈ బజారులో నిజంగా పనిచేసి, పెద్దగా హాని చెయ్యని అరుదైన సరుకు.

కణంలో ఏ పని జరగాలన్నా ఖర్చయ్యే నాణెం ఏటీపీ. తిన్న తిండి మైటోకాండ్రియాలో మండినప్పుడు ఆ శక్తితో ప్రోటాన్లు లోపొర బయటికి నెట్టబడతాయి. బయట పోగైన ప్రోటాన్లు తిరిగి లోపలికి వచ్చే దారిలో ఒక యంత్రాన్ని తిప్పుతాయి, అది ఏటీపీని చేస్తుంది. పీటర్ మిచెల్ 1961లో ఈ మాట అంటే చాలామంది నవ్వారు, 1978లో నోబెల్ ఇచ్చారు. డీఎన్‌పీ చేసేదల్లా ఒకటే, ఆ పొరని దాటించి ప్రోటాన్లని దొడ్డిదారిన లోపలికి మోసుకురావడం. యంత్రం తిరగదు. ఏటీపీ తయారవదు. పోగైన శక్తంతా వేడిగా పోతుంది. ఏటీపీ చాలక కణం ఇంకా ఎక్కువ కొవ్వు మండిస్తుంది, ఆ మంటా వేడైపోతుంది. ఈ సంగతిని లూమిస్, లిప్‌మన్ 1948లో బయటపెట్టారు. సుబ్బారావు గారు కన్నుమూసిన ఏడాది అది.

పసిపిల్లల వీపు మీదుండే గోధుమరంగు కొవ్వు ఇదే కిటుకుతో ఒంటిని వెచ్చగా ఉంచుతుంది. కానీ అక్కడ ప్రోటాన్ల దొడ్డిదారికి తలుపుంది. చలి తగ్గగానే అది మూసుకుంటుంది. డీఎన్‌పీకి తలుపు లేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ మందుగుండు ఫ్యాక్టరీల్లో ఈ పొడి మధ్య పనిచేసిన కూలీలు చెమటలు పట్టి, సన్నబడి, జ్వరంతో కొందరు చనిపోయారు. ఆ సంగతి తెలిసీ 1933లో స్టాన్‌ఫర్డ్‌లో మోరిస్ టెయింటర్, విన్సర్ కటింగ్ దీన్ని లావు తగ్గించే మందుగా పరిచయం చేశారు. ఏడాది తిరిగేసరికి అమెరికాలో కనీసం లక్షమంది వాడి ఉంటారని టెయింటరే అంచనా వేశారు. తర్వాత వయసులో ఉన్న ఆడవాళ్లకి కళ్లలో శుక్లాలు రావడం మొదలైంది, కొందరు ఒళ్లు కాలిపోతూ చనిపోయారు. 1938లో వచ్చిన కొత్త ఆహార ఔషధ చట్టం దీన్ని బజారులో నుంచి తరిమింది.

తిరిగి తీసుకొచ్చినవాళ్లలో ముందున్నది బాడీబిల్డింగ్ లోకం. 1981లో అజ్ఞాత స్టెరాయిడ్ మార్గదర్శిని రాసి 'గురువు' అనిపించుకున్న డాన్ డుషేన్, అమెరికా బాడీబిల్డర్లకి ముందు క్లెన్‌బుటెరాల్‌ని, తర్వాత డీఎన్‌పీని పరిచయం చేశాడు. శాస్త్రం చదవకుండా రాసినవాడు కాదతను. అందుకే ప్రమాదం. డీఎన్‌పీతో కొవ్వు కరుగుతుందన్న మాటలో అబద్ధం లేదు. దాని విషం, దాని ఫలితం ఒకే చర్యకి రెండు పేర్లు కావడమే చిక్కు. విషాన్ని తీసేసి ఫలితాన్ని ఉంచుకోవడం ఈ మందులో కుదరదు. దీనికి విరుగుడు లేదు. పారాసెటమాల్ ఎందుకు పనిచేయదని ఒక విద్యార్థి నన్నడిగాడు. మంచి ప్రశ్న. మామూలు జ్వరంలో మెదడు తానే ఉష్ణోగ్రత గురిని పెంచుతుంది, పారాసెటమాల్ ఆ గురిని దించుతుంది. డీఎన్‌పీలో మెదడు గురి మారలేదు, మంట కణాల్లో ఉంది. ఐసు, చల్లటి నీళ్లు, సెలైన్ తప్ప ఆస్పత్రిలో చేయగలిగింది తక్కువ. చనిపోయాక ఒళ్లు మామూలుకంటే త్వరగా బిగుసుకుపోతుంది. కండ సడలడానికి కూడా ఏటీపీ కావాలి మరి. బ్రిటన్‌లో వరస మరణాల తర్వాత 2023 అక్టోబరు నుంచి దీన్ని చట్టప్రకారం విషాల జాబితాలో చేర్చారు.

ఇప్పుడు గుండె సంగతికి రావచ్చు.

స్టాక్ తర్కం కండ దగ్గర సరిగ్గానే కలుస్తుందని ఒప్పుకున్నాను. ఒక మందు కీడుని ఇంకో మందు మేలు రద్దుచేస్తుంది. కానీ రక్తం కండలోనే ఆగదు. అదే మందులు గుండె దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడ రద్దులేవీ ఉండవు, అన్నీ కూడికలే. స్టెరాయిడ్లు మంచి కొలెస్ట్రాల్ అని పిలుచుకునే హెచ్‌డీఎల్‌ని దించుతాయి, చెడుదాన్ని పెంచుతాయి, మింగే మాత్రల్లో ఇది మరీ ఎక్కువ. ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది. బీపీ పెరుగుతుంది. గుండె కూడా కండే కనుక గోడలు మందమవుతాయి, మధ్యమధ్య నారలాంటి మచ్చలు పడతాయి. మందమైన, మచ్చలున్న గుండెలో విద్యుత్ తరంగం సాఫీగా సాగదు. ఇంతవరకూ పునాది. దీనిమీద టీ3 వచ్చి గుండె వేగం పెంచుతుంది, బీటా గ్రాహకాల చురుకుని పెంచుతుంది. ఆ గ్రాహకాలనే క్లెన్‌బుటెరాల్ తడుతుంది, పైగా పొటాషియం దించుతుంది. చివరి రెండ్రోజుల్లో చర్మం కింద నీరు కూడా కనబడకూడదని కొందరు మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు వేసుకుంటారు. వాటిలో ఎక్కువ రకాలు పొటాషియంని ఇంకా దించుతాయి. కొన్ని రకాలు దానికి విరుద్ధంగా ప్రమాదకరమైన స్థాయికి పెంచుతాయి. లయ తప్పడానికి గుండెకి ఇంకేం కావాలి?

1992 అక్టోబరులో అల్జీరియాలో పుట్టిన ఫ్రెంచ్ బాడీబిల్డర్ మొహమ్మద్ బెనజిజా హాలండ్‌లో పోటీ గెలిచిన కొద్ది గంటలకే గుండె ఆగి చనిపోయాడు. 1996 మార్చిలో ఆస్ట్రియాకి చెందిన ఆండ్రియాస్ మ్యున్సర్ అమెరికాలో ఆర్నాల్డ్ క్లాసిక్‌లో పాల్గొని తిరిగొచ్చిన కొద్ది రోజులకే కడుపునొప్పితో మ్యూనిక్ ఆస్పత్రిలో చేరి, కాలేయం, మూత్రపిండాలు ఒకదాని తర్వాత ఒకటి చేతులెత్తేయగా, 31 ఏళ్లకే పోయాడు. చర్మం కాగితమంత పలచగా కనబడేదని అతనికి పేరు. ఆ రోజుల్లో అలాంటి 'కండిషన్' ఇంకెవరికీ లేదనేవారు. అతను వాడినట్టు పత్రికల్లో వచ్చిన జాబితాలో పలురకాల స్టెరాయిడ్లు, గ్రోత్ హార్మోను, ఎఫెడ్రిన్, క్లెన్‌బుటెరాల్ ఉన్నాయి. ఎవరిది తప్పు అని ఒక్కొక్క మందునీ విడిగా విచారించడం నాకు అర్థంలేని పనిగా తోస్తుంది. వాటిని కలిపే వాడాడు.

కొద్దిమంది ప్రసిద్ధుల చావులు చూపించి భయపెట్టడం సులువు. గుంపు లెక్కలు చూడాలి. 2017లో ఆరన్ బాగిష్ బృందం బోస్టన్ ప్రాంతంలో 140 మంది వెయిట్‌లిఫ్టర్ల గుండెలు పరీక్షించింది. ప్రతి కొట్టులోనూ గుండె ఎడమ గది ఎంత రక్తాన్ని బయటికి నెడుతుందన్న కొలత, స్టెరాయిడ్లు ముట్టనివాళ్లలో సగటున 63 శాతం, వాడినవాళ్లలో 52 శాతం. పరీక్షనాటికి వాడుతున్నవాళ్లలో 49. మానేసినవాళ్లలో ఈ బలం చాలావరకు తిరిగొచ్చినట్టు కనిపించింది. కానీ స్టెరాయిడ్లు వాడినవాళ్ల గుండె రక్తనాళాల్లో కొవ్వు ఎక్కువగా పేరుకుని ఉంది. 2025లో మరో లెక్క వచ్చింది. 2005 నుంచి 2020 దాకా అంతర్జాతీయ పోటీల్లో పాల్గొన్న 20 వేలకు పైగా మగ బాడీబిల్డర్లని వెతికితే 121 మరణాలు బయటపడ్డాయి. సగటు వయసు 45. సుమారు 38 శాతం గుండె హఠాత్తుగా ఆగినవే. ఆ ముప్పు ఔత్సాహికులకంటే వృత్తి ఆటగాళ్లలో సుమారు ఐదు రెట్లు. ఈ లెక్క ఎవరు ఏ మందు వాడారో చెప్పదు, విపరీతమైన డైటింగ్, నీళ్లు మానడం, మందులు అన్నీ దాంట్లో కలిసే ఉన్నాయి.

మనవైపు గొడవ ఇంకో రకం. ఇక్కడ స్టాక్ వేసుకునే చాలామంది ఏ పోటీకీ వెళ్లరు. పెళ్లి ఫొటోకి, సినిమా ఆడిషన్‌కి, కానిస్టేబుల్ సెలక్షన్ తర్వాత ఫోన్‌లో పెట్టుకునే బొమ్మకి సిక్స్ ప్యాక్ కావాలి. ఆపరేషన్ బల్లమీద బీపీ పడిపోతే మత్తు డాక్టరు వాడే మెఫెంటర్మైన్ ఇంజెక్షన్లని, వ్యాయామంలో ఊపు వస్తుందని జిమ్‌లకి అమ్ముతున్నవాళ్లని హైదరాబాద్‌లో ఔషధ నియంత్రణ అధికారులు, పోలీసులు పట్టుకున్న వార్తలు ఈమధ్య చాలాసార్లు చదివాం. అది కండ పెంచదు, కొవ్వూ కరిగించదు. బీపీ పెంచుతుంది. స్టెరాయిడ్‌తో ముందే బీపీ పెరిగి ఉన్నవాడికి అది వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దొంగచాటు సరుకుకి ఇంకో గుణం ఉంది, చీటీమీద రాసింది సీసాలో ఉండాలని లేదు. మోతాదు లెక్కలు ఎంత జాగ్రత్తగా వేసుకున్నా, ఎంత మందు వేసుకుంటున్నాడో తెలియని లెక్క అది.

మందుల్లేకుండా ఈ చిక్కుముడిని ఎంతవరకు విప్పొచ్చు? కొంత విప్పొచ్చు. 2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో, లావుగా ఉన్న యువకులకి నాలుగు వారాలు అవసరానికంటే 40 శాతం తక్కువ తిండి పెట్టి, గట్టిగా వ్యాయామం చేయించారు. ఒంటి బరువు కిలోకి రోజుకి 2.4 గ్రాముల ప్రొటీన్ తిన్నవాళ్లు 4.8 కిలోల కొవ్వు పోగొట్టుకుని 1.2 కిలోల కండ సంపాదించారు. అందులో సగం ప్రొటీన్ తిన్నవాళ్లకి కొవ్వు 3.5 కిలోలే తగ్గింది, కండ ఉన్నచోటే ఉంది. అయితే వీళ్లు మొదట్లో లావుగా ఉన్నవాళ్లు, నాలుగు శాతానికి దిగినవాళ్లు కాదు. వేదిక అడిగే ఆ చివరి మెట్టుకి పప్పు, గుడ్లు చాలవు. ఆ మెట్టు అసలు ఎందుకు ఎక్కాలన్నది శాస్త్రం అడిగే ప్రశ్న కాదు. నేను మాత్రం అడుగుతాను.

ఇంతకీ ఆ జిమ్ ఉపాయం జిమ్‌లోనే ఆగిపోలేదు. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లతో కోట్లమంది లావు తగ్గుతున్నారు. ఎముక సాంద్రత కొలిచే స్కానర్‌తో చూసిన ఒక అధ్యయనంలో, తగ్గిన బరువులో సుమారు 40 శాతం కొవ్వు కానిదే అని తేలింది. ముప్పై ఏళ్లవాడు కొంత కండ పోయినా తట్టుకుంటాడు. డెబ్భై ఏళ్లామె బాత్రూమ్‌లో పడుతుంది. అందుకని కంపెనీలు ఇప్పుడు సరిగ్గా ఆ పాత లెక్కే వేస్తున్నాయి, కరిగించేదొకటి, కాపాడేదొకటి. కండ పెరగకుండా ఆపే సంకేతాన్ని అడ్డుకునే బిమాగ్రుమాబ్‌ని సెమాగ్లుటైడ్‌తో కలిపి 72 వారాలు ఇచ్చిన ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి. రెండూ తీసుకున్నవాళ్లు 22 శాతం బరువు తగ్గితే, అందులో దాదాపు 93 శాతం కొవ్వే. సెమాగ్లుటైడ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో ఆ వాటా 72 శాతం దగ్గర ఆగింది.

మరో ప్రయోగంలో కాపలాకి పెట్టింది ఎనోబోసార్మ్‌ని. జిమ్ బజారులో దాని పేరు ఆస్టరీన్. అది చేరిన తరగతిని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2008 నుంచీ నిషేధించింది, కుర్రాళ్లు మాత్రం సీసాల్లో తెప్పించుకుంటూనే ఉన్నారు. ఈ ప్రయోగంలో దాన్ని తీసుకున్నవాళ్లు 60 దాటినవాళ్లు, డాక్టరు పర్యవేక్షణలో, తెలిసిన మోతాదులో, గుండెని చెడగొట్టే మూడో మందు ఏదీ పక్కన లేకుండా. కండ మిగిలిందో లేదో స్కానర్‌తో చూశారు. దాంతోపాటు వాళ్లని మెట్లెక్కించి, ఎంత బలంతో ఎక్కుతున్నారో కొలిచారు.